అద్దుకొని తిను పచ్చడి: ఇంట చేయుటయా, అంగడిలో కొనుటయా?

గ్రామ పంచాయతీ సమావేశములో మంచినీటిని గూర్చియు, మురుగుకాలువలను గూర్చియు, వీధిదీపములను గూర్చియు చర్చ జరుగుట సహజము. ఆలుగడ్డ చిప్సునకును, కీరదోస ముక్కలకును అద్దుకొని తిను పచ్చడిని గూర్చి సభ్యులతో ముచ్చటింపవలసిన దేమున్నదని కొందరు అడుగవచ్చును. అట్టివారు ఒక్కనాడు బడి విడిచిన వేళ ఊరి కూడలిలో నిలిచి చూడవలెనని కోరుచున్నాము. పిల్లల చేతిలో చిప్సు పొట్లము ఉండును. తోపుడు బండి మీద ప్లాస్టిక్ సీసాలో తెల్లని చిక్కని పదార్థ మొకటి ఉండును. అది దేనితో చేసినదో, ఎన్నాళ్ల క్రిందట చేసినదో, ఎండలో ఎంతసేపటినుండి ఉన్నదో కొన్నవారికి తెలియదు. ఒక్కొక్కప్పుడు అమ్మువానికిని తెలియదు. తిన్న పిల్లవానికి వాంతులు పట్టుకొన్నప్పుడు మాత్రము ఊరంతటికిని తెలియును.

ఇది ఒక వైపు. రెండవ వైపున వేటపాలెము వంటి ఊళ్లు ఉన్నవి. అక్కడ జీడిపప్పు తయారీ అనేక కుటుంబములకు జీవనాధారము. గింజను పగులగొట్టి, పొట్టు తీసి, ఏరునప్పుడు కొంత పప్పు ముక్కలగును. రుచిలో గాని, బలములో గాని ఆ ముక్కకును, నిండుపప్పునకును భేదము లేదు. ధరలో మాత్రము భేదము కలదు. మీగడ వంటి చిక్కని పచ్చడి చేయుటకు ఆ ముక్కయే చాలును, నిండుపప్పు అక్కరలేదు.

ఈ రెండు విషయములను జోడించి చూచినచో పంచాయతీ సభ్యులకు ఉపయోగపడు మూడు మాటలు తేలుచున్నవి. ఇంటికి కావలసిన పచ్చడిని ఇంటనే ఏనాటి కానాడు చేసికొనవలెను. అంగడిలో కొనవలసివచ్చినచో చీటీ చదివి కొనవలెను. పచ్చడి చేసి అమ్మదలచిన మహిళా సంఘములు తడి పచ్చడి జోలికి పోక, పొడిని అమ్మవలెను. ఈ మూడింటికిని కారణములను దిగువ వివరించుచున్నాము.

మనకు క్రొత్తది కాదు

డిప్పు అను పేరు క్రొత్తదే గాని, పని పాతదే. నంజుకొనుట, అద్దుకొనుట అను మాటలు మన ఇండ్లలో పసిపిల్లలకును తెలియును. ఇడ్డెనకు వేరుసెనగ పచ్చడి, గారెకు అల్లపు పచ్చడి, దోసెకు కొబ్బరి పచ్చడి మనకు ఉండనే ఉన్నవి. పెరుగులో దోసకాయ ముక్కలో, వంకాయ గుజ్జో కలిపి, ఆవాలు, ఎండుమిరపకాయలు తాలింపు పెట్టిన పెరుగుపచ్చడిని మించిన మీగడ పచ్చడి ఏ దేశములో ఉన్నది?

ఇతర దేశములవారును తమతమ సరకులతో ఇట్టివానిని చేసికొనిరి. గ్రీకు దేశములో చిక్కని పెరుగులో కీరదోస తురుము, వెల్లుల్లి కలిపి జాజికి అను దానిని చేయుదురు. అరబ్బు దేశములలో ఉడికించిన కాబూలీ సెనగలకు నువ్వుల ముద్ద, నిమ్మరసము చేర్చి హమ్మస్ చేయుదురు. మెక్సికో వారు వెన్నపండు గుజ్జుతో చేయుదురు. ఎవరి పొలములో పండినది వారి గిన్నెలోనికి వచ్చినది.

అమెరికాలో ఇది 1950లనాటి దశకములో ఇంటింటికిని వ్యాపించినది. అక్కడి గృహిణులు కనుగొన్న ఉపాయము మన సంఘములు గమనింపదగినది. ఎండు ఉల్లిపాయలతో చేసిన చారుపొడి పొట్లములు అంగడిలో దొరకుచుండెను. దానిని నీటిలో కాచుటకు మారుగా, పులిసిన మీగడలో కలిపి చిప్సునకు అద్దుకొనుట ఆరంభించిరి. అంగడినుండి వచ్చినది పొడి. ఇంటిలో కలిపినది తాజా మీగడ. ఈ సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. తరువాత మరల దీని ప్రసక్తి వచ్చును.

వేటపాలెపు సరకు

వేటపాలెము చీరాలకు సమీపమున, విజయవాడ నుండి గూడూరు పోవు రైలుమార్గము మీద ఉన్నది. పూర్వము గుంటూరు జిల్లాలోను, 1970 నుండి ఒంగోలు కేంద్రముగా ఏర్పడిన జిల్లాలోను ఉండి, 2022 ఏప్రిల్ 4 నుండి బాపట్ల జిల్లాలో చేరినది. చేనేతకును, జీడిపప్పునకును ఊరు పేరుపొందినది. 1918లో అక్కడ స్థాపింపబడిన సారస్వత నికేతన గ్రంథాలయ భవనమునకు 1929లో మహాత్మా గాంధీగారు శంకుస్థాపన చేసిరి.

జీడిమామిడి మన దేశపు చెట్టు కాదు. పదునారవ శతాబ్దములో పోర్చుగీసువారు బ్రెజిల్ నుండి దీనిని మన పడమటి తీరమునకు తెచ్చిరి. ఇతర పైరులకు అనువుగాని ఇసుక నేలలలో కూడ బ్రతుకగలుగుటచే క్రమముగా తూర్పు తీరమునను వ్యాపించినది. గింజ పెంకులో చర్మమును కాల్చు జీడినూనె ఉండును. అందువలన గింజను వేచి గాని, ఆవిరి పట్టి గాని, ఆ పిమ్మట పెంకు పగులగొట్టి, పప్పును ఆరబెట్టి, పొట్టు తీయుదురు. చేతులకు బూడిదయో, నూనెయో రాచుకొని ఈ పని చేయు స్త్రీల శ్రమ ఆ తెల్లని పప్పు వెనుక ఉన్నది.

పొట్టు తీసిన పప్పును తరగతులుగా ఏరుదురు. వర్తకములో 320 అను అంకె గల రకమనగా ఒక పౌనుకు, అనగా సుమారు 454 గ్రాములకు, 300 మొదలు 320 వరకు తూగు నిండుపప్పు. అంకె తగ్గినకొలది గింజ పెద్దది. నిండుపప్పు తరువాత బద్దలు, ఆ తరువాత పెద్ద ముక్కలు, చిన్న ముక్కలు, నూకలు. నూరు గ్రాముల జీడిపప్పులో సుమారు 18 గ్రాముల మాంసకృత్తులును, 44 గ్రాముల క్రొవ్వును ఉండును. ముక్కలోను అంతే, నిండుపప్పులోను అంతే. ఆ క్రొవ్వు వలననే జీడిపప్పు నూరినప్పుడు వెన్నవలె మెత్తబడి, పచ్చడికి మీగడ గుణము వచ్చుచున్నది.

అయితే ముక్కలకు ఒక లోపము కలదు. గాలి తగులు తావు ఎక్కువగుటచే అవి నిండుపప్పు కంటె త్వరగా కనరెక్కును. కావున ముక్కలను కొనునపుడు వాసన చూడవలెను. నూనెవాసన, ముక్కవాసన తగిలినను, బూజు గాని, పురుగు గాని కనబడినను కొనరాదు. బూజు పట్టిన పప్పును కడిగి ఎండబెట్టి వాడుకొనవచ్చునను భ్రమ కూడదు. బూజువలన పుట్టు విషము కడిగినను పోదు, వేచినను పూర్తిగా పోదు.

ఇంట చేయు విధము

మొదటిది పెరుగుతో చేయునది. గేదెపాల పెరుగు అర కిలో తీసికొని, కాచిన నీటిలో ఉడికించి ఆరవేసిన పలుచని గుడ్డలో మూటగట్టి, గిన్నె మీద వ్రేలాడదీయవలెను. ఫ్రిజ్జు గలవారు జల్లెడలో గుడ్డ పరచి, పెరుగు పోసి, దిగువ గిన్నె పెట్టి ఫ్రిజ్జులో నుంచుట మేలు. నాలుగు గంటలలో నీరు దిగిపోయి సుమారు పావు కిలో గట్టి పెరుగు మిగులును. దిగిన పెరుగుతేటను పారబోయరాదు. రొట్టెపిండి తడుపుటకును, మజ్జిగలో కలుపుటకును పనికివచ్చును. గట్టి పెరుగును గిలకొట్టి, అర చెంచా ఉప్పు, దోరగా వేచి దంచిన జీలకర్ర, సన్నగా తరిగి నూనెలో వేచిన రెండు పచ్చిమిరపకాయలు కలుపవలెను. కావలసినవారు కొత్తిమీరను శుభ్రముగా కడిగి, తరిగి చేర్చుకొనవచ్చును.

రెండవది జీడిపప్పు ముక్కలతో చేయునది. నూరు గ్రాముల ముక్కలను మరుగుచున్న నీటిలో పోసి, మూతపెట్టి, అర గంట నాననీయవలెను. నీరు వంపివేసి, రెండు వేచిన వెల్లుల్లి రెబ్బలు, ఒక పచ్చిమిరపకాయ, కొంచెము ఉప్పు, కాచి చల్లార్చిన నీరు అర గ్లాసు చేర్చి మిక్సీలో మెత్తగా వేయవలెను. రోటిలో రుబ్బినచో మరింత రుచి. చివర ఒక నిమ్మకాయ రసము పిండవలెను. తెనాలి నిమ్మకాయలు అందుబాటులో ఉన్న ప్రాంతములో చింతపండు వెదకుకొన పనిలేదు. పాలు సరిపడనివారికి ఈ రెండవ విధము అనుకూలము. జీడిపప్పు సరిపడనివారు కొందరు ఉందురు. వారికి ఏ మాత్రమును పెట్టరాదు.

రెండింటిని కలిపినచో ఖర్చు తగ్గి, రుచి పెరుగును. పావు కిలో గట్టి పెరుగునకు ఏబది గ్రాముల ముక్కల ముద్ద చాలును. ఈ కొలతలకు మీ ఊరి ధరలు వేసి చూచుకొనుడు. అంగడిలో అంతే తూకము గల సీసా ధరతో పోల్చి చూచినచో ఏది లాభమో ఎవరికి వారికే తెలియగలదు.

ఇక అద్దుకొనుటకు చిప్సే కానక్కరలేదు. కీరదోస, క్యారెట్టు, ముల్లంగి, బెంగుళూరు మిరప ముక్కలు, ఉడికించిన చిలగడదుంప, ఇంట వేచిన అరటికాయ చిప్సు, కాల్చిన అప్పడము అన్నియు పనికివచ్చును. పిల్లలు పచ్చి కూరముక్కలను ఊరకనే తినమన్న తినరు. పచ్చడి గిన్నె ప్రక్కన పెట్టినచో తిందురు. ఇది ఏ తల్లిని అడిగినను చెప్పును. ఉప్పు విషయములో మాత్రము జాగ్రత్త అవసరము. పెద్దవారికి రోజు మొత్తము మీద 5 గ్రాముల లోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. చిప్సులో ఉప్పు, పచ్చడిలో ఉప్పు కలిసినచో ఆ హద్దు సులభముగా దాటును. చిప్సునకు అద్దు పచ్చడిలో ఉప్పు సగమునకు తగ్గింపుడు.

ఎందుకు చెడును

ఆవకాయ ఏడాది నిలుచును. పెరుగుపచ్చడి మరునాటికి చెడును. కారణమేమి? ఆవకాయలో ఉప్పు, కారము, పులుపు, నూనె హెచ్చు, నీరు తక్కువ. సూక్ష్మజీవులు బ్రతుకుటకు నీరు కావలెను. మీగడ పచ్చడిలో నీరు, మాంసకృత్తులు సమృద్ధిగా ఉన్నవి, ఉప్పు స్వల్పము. పెరుగులోని పులుపు కొంత రక్షణ ఇచ్చును. కాని జీడిపప్పు ముద్ద, కూరముక్కలు కలిపినకొలది ఆ పులుపు పలుచబడి, రక్షణ సన్నగిల్లును.

సూక్ష్మజీవులు 5 డిగ్రీల చలికిని, 60 డిగ్రీల వేడికిని నడుమ త్వరత్వరగా వృద్ధిపొందును. మన కోస్తా ఊళ్ల వేసవి పగలు వానికి పండుగవంటిది. కావున తయారైన పచ్చడిని బయట రెండు గంటలకు మించి ఉంచరాదు. మండు వేసవిలో ఒక గంటయే హద్దు. ఫ్రిజ్జులో నుంచినది మరునాడు ముగింపవలెను. ఫ్రిజ్జు లేనివారు పూటకు సరిపడునంత మాత్రమే చేసికొనవలెను. తిన్నంత తిని మిగిలిన దానిని మరల పెద్ద గిన్నెలో కలుపుట మంచి అలవాటు కాదు.

మరిగించిన చాలును, అన్నియు చచ్చునని కొందరందురు. ఇది సగమే నిజము. చేతి పుండ్లనుండియు, ముక్కునుండియు చేరు ఒక జాతి సూక్ష్మజీవి ఆహారములో విషమును విడుచును. తరువాత మరిగించినను ఆ విషము నశింపదు. కావున చేతికి పుండు గలవారు, జలుబు గలవారు ఆనాడు పచ్చడి కలుపరాదు. సబ్బుతో చేతులు కడుగుట, కాచిన నీరు వాడుట, మాంసము కోసిన కత్తితో కూరలు కోయకుండుట అను ఈ మూడును ఖర్చులేని రక్షణలు.

పచ్చిగుడ్డుతో చేయు మయొనైజు విషయము ప్రత్యేకముగా చెప్పవలెను. గుడ్డు సొనను నూనెతో గిలకొట్టి దీనిని చేయుదురు, వండుట ఉండదు. గుడ్డులో రోగకారక సూక్ష్మజీవులున్నచో అవి నేరుగా కడుపులోనికి పోవును. కేరళ ప్రభుత్వము 2023 జనవరిలో పచ్చిగుడ్డు మయొనైజును నిషేధించినది. హైదరాబాదులో మోమోలు తిని అనేకులు అస్వస్థులై, ఒక స్త్రీ మరణించిన పిమ్మట, తెలంగాణ ప్రభుత్వము 2024 అక్టోబరు 30 నుండి ఒక ఏడాదిపాటు నిషేధము విధించినది. తమిళనాడు 2025 ఏప్రిల్‌లో ఇట్టి ఉత్తర్వునే జారీచేసినది. మహానగరములలో తనిఖీ అధికారులు ఉండగనే ఇట్లు జరిగినప్పుడు, అధికారి ఏడాదికొకసారి వచ్చు గ్రామములలో పంచాయతీ సభ్యులే కన్నులు తెరచి ఉండవలెను.

కొనునపుడు చూడవలసినవి

అంగడిలో దొరకునదెల్ల చెడ్డదని మా అభిప్రాయము కాదు. మంచి కర్మాగారములో వేడి చేసి, పులుపు కొలత చూచి, సీలు వేసిన సీసా ఎండలో నిలిచిన ఇంటి పచ్చడి కంటె క్షేమము. తెలిసికొని కొనవలెనన్నదే మా మాట.

సీసా మీది చీటీలో దినుసులు తూకము ననుసరించి హెచ్చునుండి తగ్గునకు వరుసగా వ్రాయవలెనను నిబంధన ఉన్నది. మొదట నూనె అని ఉన్నచో ఆ సీసాలో హెచ్చు భాగము నూనెయే. బొమ్మ మీద జీడిపప్పు ఉండి, దినుసుల వరుసలో అది చిట్టచివర ఉన్నచో మీరు ధర చెల్లించునది బొమ్మకే. 202, 211 అను అంకెలు నిలువయుంచు మందులను, 415 చిక్కదనము నిచ్చు జిగురును సూచించును. పరిమితికి లోబడి చట్టము అనుమతించినవి గనుక వీనిని చూచి భయపడ పనిలేదు. పసిపిల్లలకు రోజూ పెట్టదగిన తిండి కాదని మాత్రము గుర్తించిన చాలును.

తయారైన తేదీ, వాడవలసిన గడువు, నికర తూకము, తయారుదారు చిరునామా, ఆహార భద్రతా సంస్థవారు ఇచ్చిన పదునాలుగు అంకెల సంఖ్య, శాకాహారమైనచో ఆకుపచ్చ గుర్తు ఉండవలెను. పాలు, వేరుసెనగ, జీడిపప్పు వంటివి చేరినచో ఆ మాట ప్రత్యేకముగా వ్రాయవలెను. సీసా తెరచిన తరువాత ఫ్రిజ్జులో ఉంచవలెనని వ్రాసియున్నచో అది అలంకారమునకు వ్రాసినది కాదు. ఫ్రిజ్జు లేని ఇంటికి పెద్ద సీసా చౌక అని కొనుట నష్టము. చిన్న పొట్లమే లాభము. మూత ఉబ్బిన సీసాను, చీటీ లేని సీసాను, పెద్ద డబ్బానుండి చిన్న సీసాలోనికి మార్చి ఎండలో పెట్టిన దానిని కొనరాదు.

అమ్మదలచిన సంఘములకు: తడి కాదు, పొడి

జీడిపప్పు ముక్కలు చేతికందు చోట, పాడి గల చోట, మహిళా సంఘములవారు ఈ పచ్చడి చేసి అమ్మవచ్చునుగదా అని ఆలోచించుట సహజము. ఆలోచన మంచిదే. కాని తడి పచ్చడిని సీసాలలో నింపి అమ్ముటకు పులుపు కొలుచు పరికరములు, వేడిచేయు యంత్రములు, అంగడి వరకు చలువ వాహనములు కావలెను. ఒక్క సంఘము వానిని భరింపజాలదు. అవి లేక అమ్మినచో ఒక్క సీసా చెడి, పదిమంది జబ్బుపడిన చాలును; ఆ సంఘము పేరే గాక, ఊరి జీడిపప్పు పేరు కూడ చెడును. ఎన్నో ఏండ్ల శ్రమతో వచ్చిన పేరు ఒక్క వేసవిలో పోవును.

అమెరికా గృహిణుల ఉపాయము ఇక్కడ జ్ఞాపకమునకు తెచ్చుకొనవలెను. సంఘము పొడిని అమ్మవలెను. కొన్నవారు ఇంటిలోని తాజా పెరుగులో కలుపుకొనవలెను. పొడులు చేయుట మన స్త్రీలకు ఎవరును నేర్ప పనిలేదు. కందిపొడి, కరివేపాకు పొడి, నువ్వులపొడి చేయు చేతులకు ఇది మరియొక పొడి.

నమూనాగా ఒక కొలత చెప్పుచున్నాము. దోరగా వేచి పూర్తిగా చల్లార్చిన జీడిపప్పు ముక్కలు 200 గ్రాములు, పుట్నాలపప్పు 100 గ్రాములు, వేచిన జీలకర్ర రెండు చెంచాలు, తడి లేకుండ వేచిన కరివేపాకు గుప్పెడు, ఎండుమిరపకాయలు ఆరు, ఉప్పు 25 గ్రాములు. మొదట పుట్నాలపప్పును, సంబారములను మెత్తగా కొట్టి, చివర జీడిపప్పు వేసి, ఆపి ఆపి మిక్సీ త్రిప్పవలెను. ఒక్కసారిగా త్రిప్పినచో నూనె ఊరి పొడి ముద్దయగును. పుట్నాలపప్పు ఆ నూనెను పీల్చి పొడిని పొడిగా నిలుపును. పావు కిలో గట్టి పెరుగులో ఈ పొడి సుమారు 30 గ్రాములు కలిపి పది నిమిషములు ఉంచినచో పచ్చడి సిద్ధమగును.

తడి లేనందున పొడి పచ్చడివలె పాడుకాదు. కాని జీడిపప్పులోని క్రొవ్వు నాళ్లు గడచినకొలది కనరెక్కును. కావున గాలి చొరని చిన్న పొట్లములలో కట్టవలెను, కొద్దికొద్దిగా చేయవలెను. ప్రతి విడత నుండి కొన్ని పొట్లములు సంఘమువారు దాచియుంచి, వారమున కొకటి విప్పి వాసన, రుచి చూచి పుస్తకములో వ్రాసికొనవలెను. ప్రయోగశాల పరీక్షయు చేయించి, దానిని బట్టి గడువు నిర్ణయింపవలెను గాని, ఇతరుల పొట్లము మీది గడువును చూచి వ్రాయరాదు. పెరుగులో కలిపిన తరువాత వెంటనే తినవలెనను మాటను పొట్లము మీద తెలుగులో పెద్ద అక్షరములతో అచ్చువేయింపవలెను.

పంచాయతీ చేయగలిగిన పనులు

రాజ్యాంగములోని పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములు చెప్పబడినవి. నాలుగవది పశుపోషణ, పాడి, కోళ్ల పెంపకము. ఎనిమిదవది ఆహార తయారీతో కూడిన చిన్న పరిశ్రమలు. కావున ఈ విషయము పంచాయతీకి సంబంధింపనిదని ఎవరును అనజాలరు. ఖర్చు లేకయో, స్వల్పమైన ఖర్చుతోనో చేయదగిన పనులను తెలుపుచున్నాము.

మొదటిది నీరు. పచ్చడి చేయు ఇంటికిని, తినుబండారముల బండికిని పరిశుభ్రమైన నీరు అందకున్నచో తక్కిన ఉపదేశములన్నియు వృథా. బడి ముందును, కూడలిలోను ఒక కుళాయి, చేతులు కడుగుకొను తావు ఏర్పరుపవలెను.

రెండవది బండ్లవారితో మాట్లాడుట. వారిని తరిమివేయుట వలన ప్రయోజనము లేదు. బండి వారి కూడు. వారిని సమావేశమునకు పిలిచి, పచ్చిగుడ్డు మయొనైజు అమ్మరాదనియు, మూత గల గిన్నె, మంచుగడ్డల పెట్టె వాడవలెననియు, రాత్రి మిగిలినది మరునాడు అమ్మరాదనియు నచ్చజెప్పవలెను. ఆహార భద్రతా చట్టము 2006లో చేయబడి, 2011 ఆగస్టు 5 నుండి అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము చిన్న వ్యాపారియు పేరు నమోదు చేయించుకొనవలెను. దరఖాస్తు నింపుట తెలియనివారికి సచివాలయ సిబ్బంది చేత సహాయము చేయింపవచ్చును.

మూడవది సంఘములకు త్రోవ చూపుట. కేంద్ర ప్రభుత్వము 2020లో ప్రారంభించిన సూక్ష్మ ఆహార తయారీ సంస్థల పథకములో వ్యక్తిగత యూనిట్లకు పెట్టుబడిలో 35 శాతము, 10 లక్షల రూపాయలకు మించకుండ రాయితీయు, స్వయం సహాయక సంఘములలో ఈ పని చేయు సభ్యురాలికి 40,000 రూపాయల వరకు ప్రారంభ ధనమును ఏర్పాటు చేయబడినవి. ఇట్టి పథకముల గడువులు, నిబంధనలు మారుచుండును. కావున నాటికి అమలులో నున్న దానిని జిల్లా పరిశ్రమల కేంద్రములో విచారించి, ఆ వివరములను సంఘములకు చదివి వినిపించుట సభ్యుల విధి. అప్పు తెచ్చి యంత్రము కొనుటకు ముందు, ఉన్న మిక్సీతో నాలుగైదు కిలోల పొడి చేసి, ఇరుగుపొరుగు ఊళ్లలో అమ్మి చూచుట వివేకము. కొన్నవారు మరల వచ్చి అడిగినప్పుడే యంత్రమును గూర్చి ఆలోచింపవలెను.

నాలుగవది బడి. ఉపాధ్యాయులతో మాట్లాడి, ఒకనాడు పిల్లలచేతనే గట్టి పెరుగు పచ్చడి కలిపింపవలెను. ఖాళీ సీసాల చీటీలను తెప్పించి వారిచేతనే చదివింపవలెను. ఏ దినుసు మొదట ఉన్నదో కనుగొన్న పిల్లవాడు ఆ సాయంకాలము ఇంటికి పోయి తల్లికి చెప్పును. మన ఉపన్యాసము కంటె ఆ మాట ఎక్కువ దూరము పోవును.

ముగింపు

చదువు విలువ నెరిగి, నూరేండ్లకు పూర్వమే గ్రంథాలయమును నిలుపుకొన్న ఊరు వేటపాలెము. పెద్ద పుస్తకములను చదువ నేర్చిన గ్రామములకు సీసా మీది చిన్న చీటీ చదువుట కష్టము కాదు. జీడిపప్పు ముక్కను తక్కువ ధరకు పంపివేసి, అదే ముక్క పేరుతో వచ్చు సీసాను ఎక్కువ ధరకు కొనుట మానవలెను. ఇంటిలో కలిపిన గిన్నె ఆ పూటకే ఖాళీ కావలెను. సంఘము కట్టిన పొడి పొట్లము మీద ఊరి పేరు నిర్భయముగా అచ్చువేయ గలుగవలెను. రానున్న పంచాయతీ సమావేశములో మంచినీటి ప్రస్తావన వచ్చినప్పుడు, బడి ముందర బండి దగ్గర చేతులు కడుగుకొను కుళాయి ఉన్నదా అని ఒక్క సభ్యుడైనను అడుగునని ఆశించుచున్నాము. పని అక్కడనుండి మొదలు కాగలదు.